బొటనవేలి మూలన ముల్లు

బండి గేరు వేసేది ఎడమ కాలి బొటనవేలేనన్న సంగతి నాకు నలభై దాటాక తెలిసింది. అంతకుముందు ఇరవై ఏళ్లు బండి నడిపినా ఆ వేలు అక్కడ ఒక పని చేస్తోందని ఏనాడూ తోచలేదు. ఓ పొద్దున రెండో గేరు నుంచి మూడో గేరుకు ఎత్తబోయేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. బండి పక్కకు ఆపి, చెప్పు విడిచి చూసుకున్నాను. పెద్దగా ఏమీ లేదు. గోరుకు బయటివైపు మూలన చర్మం కాస్త ఎర్రబడి, ఉబ్బి, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. ఇంత నొప్పికి ఇంతేనా వాపు అనిపించింది.

దానికి రెండు వారాల ముందు మేనల్లుడి పెళ్లి. కొత్త బూట్లు కొన్నాను. పెళ్లి ముందురోజు రాత్రి గోళ్లు తీసుకుంటుంటే బొటనవేలి మూల కొంచెం పొడుచుకొచ్చినట్టు కనిపించింది. నెయిల్ కట్టర్ కొసను పక్కనుంచి లోపలికి దూర్చి, అందినంత మేర కత్తిరించేశాను. ఆ రాత్రి వేలు హాయిగా ఉంది. అక్కడే మోసపోయాను.

ఈ బాధకు మన భాషలో ఒక్క పేరంటూ స్థిరపడలేదు. గోరు లోపలికి పెరిగిందంటారు, కండలోకి దిగిందంటారు, గుచ్చుకుందంటారు. చాలామంది గోరుచుట్టు అనేస్తారు. గోరుచుట్టు వేరు. గోరు చుట్టూ ఉన్న చర్మంలో క్రిములు చేరి వాచి, సలిపి, చీము పట్టడం గోరుచుట్టు. అది చేతివేళ్లకే ఎక్కువ. ఎప్పుడూ తడిలో నానే చేతులకు, గోళ్లు కొరుక్కునే అలవాటున్నవాళ్లకు వస్తుంది. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నది దాదాపుగా కాలి బొటనవేలికే వచ్చేది, గోరు అంచు పక్కనున్న కండలోకి దిగబడటం వల్ల వచ్చేది. దిగబడినచోట పుండు పడి తర్వాత చీము పట్టొచ్చు, అప్పుడు చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. అయినా తేడా తెలిసి ఉండటం మంచిది. గోరుచుట్టుకు క్రిములను వదిలిస్తే సరిపోతుంది. దీనికి క్రిములను ఎంత వదిలించినా గోరు అంచు అక్కడే కూర్చుని ఉంటే మళ్లీ మొదటికే వస్తుంది.

గోరు కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారైన పలక. దానికి ప్రాణం లేదు, అందుకే కత్తిరిస్తే నొప్పెట్టదు. ప్రాణమంతా వెనక, చర్మం మడత కింద దాగిన వేరులో ఉంటుంది. అక్కడ పుట్టి ముందుకు జరుగుతుంది. అటూ ఇటూ చర్మంలో చిన్న గాడి ఉంటుంది. కిటికీ అద్దం గాడిలో జరిగినట్టు గోరు అంచు ఆ గాడిలో జరుగుతూ వస్తుంది. మామూలు రోజుల్లో దానివల్ల దీనికి గానీ, దీనివల్ల దానికి గానీ ఇబ్బంది లేదు. గోరు మూలను గుండ్రంగా, లోతుగా కోసేశామనుకోండి. గాడి ముందుభాగం ఖాళీ అవుతుంది. ఖాళీ దొరికిన చోటికి మెత్తటి కండ ఉబికి వచ్చేస్తుంది. బూటు పక్కనుంచి నొక్కితే మరీ త్వరగా వస్తుంది. వెనకనుంచి గోరు మాత్రం తన దారిన తాను వస్తూనే ఉంటుంది, ఇప్పుడు దారికి కండ అడ్డం. దీనికి తోడు ఇంకొకటి. మూలన కోసేటప్పుడు కట్టర్ కొస ఎక్కడిదాకా పోయిందో మనకు కనబడదు. చివర్న ఓ సన్నటి కొస తెగకుండా మిగిలిపోతుంది, అచ్చం చేపముల్లులా. గోరు జరిగేకొద్దీ ఆ ముల్లు కండలోకి దూసుకుపోతుంది. ఒంటి దృష్టిలో అది బయటినుంచి గుచ్చుకున్న ముల్లే. దాంతో ఆ చోటుకు రక్తం పరుగెత్తి, వాచి, ఎర్రబడి, సలపడం మొదలవుతుంది.

కోసిన రాత్రి హాయిగా ఉండి, పది పదిహేను రోజులకు నరకం కనిపించడానికి కారణం ఇదే. అప్పుడేం చేస్తాం? మళ్లీ కోస్తాం. మళ్లీ నాలుగు రోజులు హాయి. ఈసారి మిగిలిన కొస ఇంకాస్త లోపల. నేను మూడుసార్లు కోశాకగానీ డాక్టరు దగ్గరికి పోలేదు. ఆయన వేలు చూసి మొదట అడిగింది నొప్పి గురించి కాదు.

“ఎన్నిసార్లు కోశారండీ?”

“మూడుసార్లండీ.”

“ఇప్పటికైతే మీరే నయం చేసుకోవచ్చు. నాలుగోసారి కోస్తే మాత్రం నేను కోయాల్సొస్తుంది.”

ఆయన చెప్పిన లెక్క ఒకటి నాకు బాగా పనికొచ్చింది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలి గోరు అందులో సగం, నెలకు ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. బొటనవేలి గోరు వేరు నుంచి కొసదాకా పూర్తిగా కొత్తది రావాలంటే ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. మామూలు ముల్లయితే పీకి పారేస్తాం. ఈ ముల్లు మన ఒంటికే అతుక్కుని ఉంది, రోజూ పెరుగుతోంది. దీన్ని పీకడం కుదరదు. కండను దాటించి బయటికి సాగనంపాలి. అది దాటిపోయేదాకా వాపు తగ్గించి, కండకూ గోరుకూ మధ్య కాస్త ఎడం ఉంచి, బూటు తగలకుండా చూసుకోవాలి. ఇంట్లో చేసుకోగల వైద్యం ఇంతవరకే. కట్టర్‌కు ఇందులో పని లేదు.

ఇక్కడే కొందరిని ఆపాలి. షుగరు ఉన్నవాళ్లు ఇకమీద రాసినవేవీ సొంతంగా చేయొద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది. అంటే ఇది చదివేవాళ్లలో కొందరికైనా ఉండే ఉంటుంది. షుగరు ఏళ్లతరబడి ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి, రక్తం సరిగా అందదు. వేలికి పుండు పడినా నొప్పి తెలియదు. నీళ్లు మరిగిపోతున్నా వేడి తెలియదు, కాపడం పెట్టుకుంటూ కాలు కాల్చుకున్నవాళ్లు ఉన్నారు. చిన్న పుండు ఎముకదాకా పోవడానికి అక్కడ ఎక్కువ రోజులు పట్టదు. కాళ్లకు రక్తప్రసరణ తక్కువని చెప్పించుకున్నవాళ్లు, కుష్టు వల్లనో మరో కారణం వల్లనో పాదాల స్పర్శ పోయినవాళ్లు, స్టిరాయిడ్లు, కేన్సర్ మందులు వాడుతున్నవాళ్లు కూడా ఈ వరసలోకే వస్తారు.

మిగతావాళ్లకు మొదటి వైద్యం గోరువెచ్చటి నీళ్లు. ఈ మాటలోనూ గోరుంది. ఒంటిమీద పోసుకుంటే చురుక్కుమనకుండా, కాస్త వెచ్చగా తగిలే వేడి. ఈ పనికి కావలసింది సరిగ్గా అంతే, పొగలు కక్కే నీళ్లు కాదు. మోచేతితో చూసుకోండి. పసివాడికి స్నానం పోయొచ్చు అనిపిస్తే సరిపోయినట్టు. చిన్న టబ్బులో పాదం మునిగేలా పోసుకుని, లీటరుకో చెంచాడు ఉప్పు వేసి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కూర్చోండి. రోజుకు మూడు నాలుగుసార్లు. ఎప్సమ్ సాల్ట్ ప్యాకెట్లు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. అది వేసుకుంటే తప్పేం లేదుగానీ, పని చేసేది ముఖ్యంగా వెచ్చటి నీళ్లే. ఇంట్లో ఉన్న రాళ్ల ఉప్పుతో సరిపెట్టుకోవచ్చు. నీళ్లలో నానేటప్పుడు గట్టిపడ్డ చర్మం మెత్తబడుతుంది, గోరు కాస్త లొంగుతుంది, చోటు శుభ్రపడుతుంది. నానుతుండగానే వేలితో ఆ వాచిన చర్మాన్ని గోరు నుంచి పక్కకు, కిందికి మెల్లగా నెట్టండి. రెండు మూడు నిమిషాలు చాలు. మొదటి రోజు పళ్లు బిగబట్టాల్సి వస్తుంది, మూడో రోజుకు అలవాటవుతుంది. తర్వాత పొడిగుడ్డతో వేళ్ల సందులతో సహా అద్దండి. తడిగా వదిలేస్తే చర్మం నాని, పొరలూడి, ఇంకా పలచబడుతుంది. నీళ్లలో గడిపే గంట మంచిదే, మిగిలిన గంటలు పాదం పొడిగా ఉండాలి.

ఇక రెండో పని దూది. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. నాకు నిజంగా నొప్పి తగ్గించింది ఇదే, చాలామంది తప్పుగా చేసేదీ ఇదే.

మా అమ్మ పూజ దగ్గర కూర్చుని దీపానికి ఒత్తులు చేస్తుంది. గింజలు తీసిన దూదిలోంచి చిటికెడు లాగి, విభూతి అద్దిన రెండు వేళ్లమధ్య తిప్పితే దూది దారమవుతుంది. నాకు కావలసింది ఆ పనితనమే, కాకపోతే విభూతి లేకుండా, మెడికల్ షాపులో కొన్న శుభ్రమైన దూదితో. లావు పెసరగింజలో సగం కూడా ఉండకూడదు, పొడవు బియ్యపు గింజంత. నేను చేసింది చూసి “ఇది ఒత్తా, తలగడా?” అని అమ్మ నవ్వి, తనే చేసిచ్చింది. కాలు నానబెట్టి తుడుచుకున్నాక, గోరు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే, ముందు కొస దగ్గర గోరు అంచును చేతిగోటితో రవ్వంత పైకెత్తి, ఆ ఒత్తిని గోటి కిందికి పక్కవాటుగా జార్చాలి. లోపలికి పొడవకూడదు. పుల్లతో, పిన్నీసుతో, సూదితో తోయకూడదు. ముల్లును ముల్లుతోనే తీయాలన్న సామెత ఇక్కడ పనికిరాదు. ఒత్తి సగం దూరితే చాలు. దాని పనల్లా అంచు కింద పరుపులా ఉండి, గోరు కండమీద ఆనకుండా చూడటమే. సరిగ్గా కూర్చుంటే మొదటి నిమిషం కాస్త నొక్కినట్టుండి, ఆ తర్వాత నొప్పి దిగుతుంది. కళ్లు బైర్లు కమ్మేంత పోటు వస్తే అది కూర్చోలేదన్నమాట, తీసేయండి, సాయంత్రం నానబెట్టాక మళ్లీ చూద్దాం. దూది చేతకాకపోతే పళ్ల సందులు తోముకునే మైనపు దారం, అదే డెంటల్ ఫ్లాస్, ఓ చిన్న ముక్క అదే పని చేస్తుంది.

ఒక షరతు. పెట్టిన దూది రోజూ మార్చాలి, తడిస్తే వెంటనే మార్చాలి. చెమటకు తడిసిన దూది రెండు రోజులు లోపలే ఉంటే అదే క్రిములకు ఇల్లవుతుంది. ఈ కారణంగానే కొందరు డాక్టర్లు దూది పద్ధతి వద్దంటారు. అప్పటికే చీము కారుతుంటే దూది పెట్టే దశ దాటిపోయినట్టే.

దూది దూర్చాలంటేనే వణుకు వచ్చేవాళ్లకు టేపు ఉంది. గోరును పైకెత్తడానికి బదులు కండను కిందికి లాగడం. సాగే గుణమున్న బట్ట ప్లాస్టరు అయితే మేలు. రెండు మూడు అంగుళాల పొడవు, అర అంగుళం వెడల్పున ఒక ముక్క కత్తిరించండి. వేలు పూర్తిగా ఆరాక, ఒక కొసను గోరు పక్కనే వాచిన చర్మం మీద అంటించండి, గోరు మీద కాదు. అక్కణ్నించి చర్మాన్ని గోరుకు దూరంగా లాగి పట్టుకుని, టేపును వేలి అడుగునుంచి ఏటవాలుగా తిప్పి, అవతలివైపు పైకి తెచ్చి వేలి మొదట్లో అంటించండి. వేలి చుట్టూ ఉంగరంలా పూర్తిగా చుట్టేయకూడదు, రక్తం ఆగుతుంది. వేలి కొస నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఊడదీయండి. మన ఎండల్లో చెమటకు టేపు మధ్యాహ్నానికే ఊడిపోతుంటుంది, రోజుకు రెండుసార్లు వేసుకోవాల్సిందే. చర్మం చితికి రసి కారుతుంటే మాత్రం టేపు వద్దు. కాలి రెండో వేలికి మెట్టెలున్న ఆడవాళ్లు వాపు కనబడగానే వాటిని తీసి పక్కన పెట్టుకోవడం మంచిది. వాపు పక్కవేలిదాకా పాకాక తీయబోతే సబ్బు నురగకు కూడా రావు.

నానబెట్టి, తుడిచి, ఒత్తి పెట్టాక పైన కాస్త వాజలీన్ రాసి గాజుగుడ్డ వదులుగా చుట్టుకుంటే చాలు. ఎక్కడైనా చర్మం చిట్లి ఉంటే బీటాడిన్ రాసుకోవచ్చు.

కాలిమీద ఒత్తిడి తగ్గించడం మాట. ముందు తెరిచి ఉన్న చెప్పులు, అంతే. ఆఫీసులో బూట్లు తప్పవంటే రెండు వారాలకు అనుమతి అడగండి, వేలు చూపిస్తే ఎవరూ కాదనరు. బండి విషయంలో నాకు తోచిన ఉపాయం ఒకటుంది. మడమతో కూడా తొక్కే వీలున్న గేరు లీవరైతే గేరు పెంచేటప్పుడు మడమ వాడొచ్చు. లేకపోతే ఆ నాలుగు రోజులు స్కూటీయే గతి, నేను మా ఆవిడ బండి వాడాను. రాత్రిపూట సలుపు పెరగడానికి కారణం పగలంతా కాలు కిందికి వేలాడి ఉండటం. పడుకునేటప్పుడు పాదం కింద రెండు తలగడలు వేసి ఎత్తులో ఉంచితే సలుపు తగ్గుతుంది. దుప్పటి వేలికి తగలకుండా పాదం బయట పెట్టుకోండి. దోమలకు కాస్త ఓర్చుకోవాలి.

మాత్రలంటారా, ఒకటి రెండు రోజులు నిద్రపట్టడానికి పారాసెటమాల్ చాలు. పెద్దవాళ్లకు 500 గానీ 650 గానీ, ఆరేసి గంటల ఎడంతో. ఎంత నొప్పున్నా రోజంతటికీ కలిపి 4 గ్రాములు దాటకూడదు. లివర్ జబ్బున్నవాళ్లకు, రోజూ మందు తాగేవాళ్లకు అంత కూడా ఎక్కువే, డాక్టరును అడిగి వేసుకోవాలి. ఐబుప్రొఫెన్ వాపు మీద కూడా పనిచేస్తుంది. దాన్ని తిన్నాకే వేసుకోవాలి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, రక్తం పలచబడే మందులు, గర్భం ఉంటే అసలు ముట్టుకోవద్దు. వానాకాలంలో జ్వరం కూడా ఉంటే, డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్ జోలికి పోకండి.

మెడికల్ షాపులో “వేలు వాచిందన్నా, ఏదైనా ఇవ్వు” అంటే యాంటీబయాటిక్ అయిదు రోజులకు చేతిలో పెట్టేస్తారు. నాకూ పెట్టారు. వేసుకున్నాను, రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చింది. ముల్లు లోపలుండగా యాంటీబయాటిక్ మింగితే అంతే. ముల్లు తొలగితే చాలాసార్లు ఆ మందు లేకుండానే చీము ఆరిపోతుంది. ఎర్రదనం వేలు దాటి పాకుతున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు ఆ మాత్రలు నిజంగా అవసరం, అయితే అప్పుడు రాసివ్వాల్సింది డాక్టరు. స్టిరాయిడ్ కలిసిన ట్యూబులు కూడా ఇలాగే చేతికొస్తాయి. రాస్తే ఎరుపు తగ్గుతుంది, లోపల ఇన్ఫెక్షన్ ఉంటే దానికి అడ్డు లేకుండా పోతుంది.

ఇంటి చిట్కాల్లో మొదటిది నిమ్మకాయ. నా వేలు చూడగానే అమ్మ అన్నది కూడా అదే: “నిమ్మకాయ తొడుక్కోరా, పొద్దుటికి లాగేస్తుంది.” చేతివేలి గోరుచుట్టుకు మన ఇళ్లలో తరతరాలుగా నిమ్మకాయకు బొక్కపెట్టి తొడుగుతున్నారు. వేలికి చల్లగా, మెత్తటి తొడుగులా ఉండి దెబ్బ తగలకుండా కాస్తుంది, అందుకే ఊరట. కాలి గోరు అంచును మాత్రం అది పైకెత్తలేదు. చర్మం చిట్లి ఉంటే పులుపు భగ్గున మండిస్తుంది. తొడుక్కోకపోతే అమ్మ ఊరుకోదు కాబట్టి ఒక రాత్రి తొడుక్కున్నాను, పొద్దున్నే తీసి పారేశాను.

పసుపు, కొబ్బరినూనె కలిపి పట్టించడం ఇంకోటి. చిట్లని చర్మం మీద అయితే నష్టం లేదు. నాకున్న అభ్యంతరం వేరే. పసుపు పట్టిస్తే వేలు రంగు కనబడదు. ఎరుపు తగ్గుతోందా, పాకుతోందా అన్నది రోజూ చూసుకోవాల్సిన సమయంలో దాన్ని కప్పేసుకోవడం తెలివైన పని కాదు. ఇక సున్నం, జిల్లేడు పాలు, నల్లజీడి ఈ మూడూ చర్మాన్ని కాల్చేవి. ముల్లు పైకి తేలుతుందని జిల్లేడు పాలు పోసేవాళ్లు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. వాచిన వేలిమీద అది పోస్తే గోరుచుట్టు మీద రోకటిపోటు సామెత గుర్తుకొస్తుంది. గోరు మధ్యలో వి ఆకారంలో గాటు పెడితే అంచులు మధ్యకు ముడుచుకొస్తాయన్న నమ్మకం మన దగ్గరే కాదు, విదేశాల్లోనూ ఉంది. అది ఉత్త మాట. గోరు పెరిగేది వెనక వేరు నుంచి, ముందు ఏం గాటు పెట్టామో ఆ వేరుకు తెలియదు.

ఇవన్నీ సరిగ్గా చేస్తే రెండు మూడు రోజుల్లో నొప్పి దిగడం తెలుస్తుంది. వారానికి కూడా తగ్గకపోతే ఇంటి వైద్యం చాలించి డాక్టరుకు చూపించండి. చీము కారుతున్నా, గోరు పక్కన ఎర్రటి, ముట్టుకుంటే నెత్తురొచ్చే మాంసపు ముద్ద లేచినా, వాపు వేలి కణుపు దాటినా, పాదం మీదుగా పైకి ఎర్రటి గీత పాకినా, జ్వరం వచ్చినా వారం ఆగనక్కర్లేదు. తుప్పు పట్టిన బ్లేడుతో కోసుకుని ఉంటే టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్న కుర్రాళ్లకు గోళ్ల పక్కన ఇలాంటి మాంసపు ముద్దలు లేవడం కద్దు. చూపించేటప్పుడు ఆ మాత్రల మాట దాచకూడదు. నెలలతరబడి మానని ముద్దను డాక్టరు పరీక్షకు పంపిస్తానంటే వద్దనకండి. అరుదుగా అలాంటి వేషంలో చర్మ కేన్సర్ కూడా ఉంటుంది.

డాక్టరు గోరు పీకేస్తారన్న భయంతోనే చాలామంది బాత్రూములో బ్లేడు పట్టుకుంటారు. నిజానికి ఇప్పుడు చేసేది వేరు. వేలి మొదట్లో రెండువైపులా మత్తు సూది వేస్తారు. నొప్పి అంటే ఆ రెండు పోట్లే. తర్వాత గోరుకు ఒక పక్క, దిగబడిన అంచును మాత్రం సన్నటి బద్దలా నిలువుగా కోసి వేరుదాకా తీసేస్తారు. ఆ బద్ద పుట్టిన వేరుకు కాసేపు ఫినాల్ అద్దుతారు. దాంతో అంతమేర వేరు మాడిపోయి, ఆ అంచు ఇక పెరగదు. మిగతా గోరు కాస్త సన్నబడి అలాగే ఉంటుంది. అరగంట పని, ఇంటికి నడిచే వెళ్లిపోవచ్చు. రెండు నుంచి నాలుగు వారాలు రసి కారుతుంది, కట్టు మార్చుకుంటుండాలి. వేరును ఏమీ చేయకుండా గోరు మొత్తం పీకేస్తే మాత్రం కొత్త గోరు వస్తూ మళ్లీ అదే దారి పట్టే అవకాశం ఎక్కువ. కాబట్టి “అంచు ఒక్కటే తీసి, వేరుకు మందు పెడతారా అండీ?” అని ముందే అడగడంలో తప్పు లేదు.

కొందరికి ఇది వంశంలోనే వస్తుంది. గోరు పలక పుట్టుకతోనే అంచుల్లో బాగా వంపు తిరిగి ఉంటుంది. పదమూడు నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలకు పాదాల చెమట ఎక్కువ, చర్మం నాని ఉంటుంది. జూన్‌లో కొన్న స్కూలు బూటు సంక్రాంతికల్లా బిగుతైనా మరుసటి జూన్‌దాకా లాగించేది వాళ్లే. పన్నెండు గంటలు బూట్లతో నిలబడే సెక్యూరిటీ గార్డులు, ఇనప మూతి సేఫ్టీ బూట్లతో పనిచేసే గల్ఫ్ సైట్ల మనవాళ్లు ఇంకో వరస.

గోళ్లు తీసుకునే పద్ధతి చివర్న చెబుతున్నానుగానీ, అసలు మొదలు అక్కడే. మన ఇంట్లో ఉండే నెయిల్ కట్టర్ నోరు వంపు తిరిగి ఉంటుంది. అది చేతిగోళ్లకు చేసింది. దాంతో కాలి గోరు తీస్తే మూలలు గుండ్రంగా తెగుతాయి. కాలి గోళ్లకు తిన్నటి నోరున్న పెద్ద కట్టర్ వేరే దొరుకుతుంది, ఖరీదేమీ కాదు. స్నానం చేసి వచ్చాక గోరు మెత్తగా ఉన్నప్పుడు, వెలుతురులో కూర్చుని, అడ్డంగా తిన్నగా కత్తిరించాలి. దీపాలు పెట్టాక గోళ్లు తీయకూడదని పెద్దవాళ్లు ఎందుకన్నారోగానీ, కాలి బొటనవేలి మూల విషయంలో ఆ మాట వినడం మంచిది, నేను కోసింది రాత్రి పదింటికి. గోరు వేలి కొసతో సమానంగా ఉండాలి, మూల చర్మం మీద కూర్చుని కంటికి కనబడాలి. మూల సాక్సుకు గుచ్చుకుంటుంటే ఫైలుతో కాస్త అరగదీయండి.

బూట్లకు ఒక పరీక్ష ఉంది. సాయంత్రం, రోజంతా నడిచి పాదం కాస్త ఉబ్బినప్పుడు, పాత పేపరు మీద నిలబడి పెన్సిల్‌తో పాదం చుట్టూ గీత గీయించుకోండి. బూటును ఆ బొమ్మ మీద పెట్టి చూడండి. వేలు తగ్గాక నేను పెళ్లి బూట్లు అలా పెట్టి చూశాను. బొటనవేలి పక్కన అర అంగుళం పాదం బయటికొచ్చింది. మేనల్లుడిని పిలిచి వాడి పాదం కూడా పేపరు మీద గీయించాను. వాడిది నా పాదంకన్నా సన్నం, గీత చుట్టూ బూటే కనిపించింది. ఇప్పుడవి వాడే తొడుగుతున్నాడు.